మంచు కొండల్లో మరిగే లోయ

రష్యాలో బడిపిల్లలు చివరి బెంచీకి పెట్టుకున్న పేరు 'కమ్చట్కా'. టీచరు చూపు అంత తేలిగ్గా ఆనని చోటు కదా, అందుకని! దేశం మ్యాపులోనూ దాని స్థానం అదే. తూర్పున, ఇక నేల అయిపోయింది అనుకునే చోట పసిఫిక్ మహాసముద్రంలోకి చేపలా వేలాడుతూ కనిపిస్తుంది. మాస్కోలో మధ్యాహ్నం మూడయితే అక్కడ అర్ధరాత్రి. సోవియట్ రోజుల్లో రేడియోలో సమయం చెప్పేటప్పుడు 'పెట్రోపావ్లోవ్‌స్క్ కమ్చాట్‌స్కీలో అర్ధరాత్రి' అన్న మాట వినపడేది. ఆ ఊరు ఎటువైపు ఉందో తెలియనివాళ్లకి కూడా దాని పేరు మాత్రం నోటికొచ్చేసింది.

మాస్కోలో విమానమెక్కితే అక్కడికి దాదాపు తొమ్మిది గంటలు. అంతసేపు ఎగిరినా దేశం పొలిమేర దాటరు. రైలు లేదు. రష్యాలోని మిగతా ఊళ్ల నుంచి రోడ్డు కూడా లేదు. వెళితే గాల్లో వెళ్లాలి, లేదంటే ఓడెక్కాలి. అలాగని చిన్న ప్రాంతమేం కాదు. ద్వీపకల్పం విస్తీర్ణం దాదాపు 2,70,000 చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటినీ కలిపితే ఎంతో ఇంచుమించు అంత! జనం మాత్రం మొత్తం కమ్చట్కా రాష్ట్రమంతా వెతికినా 2021 లెక్కల ప్రకారం మూడు లక్షల్లోపే. మన కడప పట్టణంలో అంతకన్నా ఎక్కువమంది ఉంటారు. ఆ ఉన్నవాళ్లలోనూ సగానికి పైగా ఒక్క పెట్రోపావ్లోవ్‌స్క్‌లోనే.

మరి మిగతా చోటంతా ఎవరిది? అగ్నిపర్వతాలది, ఎలుగుబంట్లది, చేపలది. చిన్నా పెద్దా కలిపి దాదాపు 300 అగ్నిపర్వతాలుంటే వాటిలో 30 దాకా ఇంకా 'బతికే' ఉన్నాయి. అన్నిటికీ పెద్దన్న క్ల్యుచెవ్‌స్కాయా. ఎత్తు సుమారు 4,750 మీటర్లు. యూరప్, ఆసియా రెండు ఖండాల్లోనూ అంత ఎత్తయిన సజీవ అగ్నిపర్వతం మరోటి లేదు. ఇన్ని వింతలున్న నేల మీద అన్నిటికన్నా పెద్ద వింత ఒకటి 1941 దాకా బయటి ప్రపంచం కంట పడనేలేదు. కంట పడిన ఆ రోజు కూడా, చూసిన ఇద్దరికీ పైప్రాణాలు పైనే పోయాయి.

తొలిచూలు బిడ్డ

తత్యానా ఉస్తినోవా క్రిమియాలో పుట్టిన అమ్మాయి. భూగర్భశాస్త్రం చదువుకుంది. భర్త యూరీ అవెరిన్ జంతుశాస్త్రవేత్త. కమ్చట్కాలోని క్రోనోట్‌స్కీ అభయారణ్యంలో ఉద్యోగాలు దొరికితే 1940లో ఇద్దరూ అక్కడికి చేరుకున్నారు. ఆయన పక్షుల్ని, జంతువుల్ని లెక్కబెడుతుంటే ఈమెకి రాళ్లూ నదుల పని. అప్పటికి ఆ ప్రాంతానికి సరైన మ్యాపు కూడా లేదు. ఫలానా నది ఎక్కడ పుట్టిందంటే చెప్పేవాళ్లు లేరు.

1941 ఏప్రిల్. అక్కడ అది ఎండాకాలం కాదు, మంచు ఇంకా నిలువెత్తున ఉండే నెల. కుక్కలు లాగే బండి కట్టుకుని షుమ్నాయా నది పుట్టుకేదో చూద్దామని బయల్దేరింది ఉస్తినోవా. వెంట అభయారణ్యం ఉద్యోగి అనిసిఫోర్ క్రుపెనిన్. ఆయన స్థానిక ఇటెల్మెన్ తెగవాడు. మంచు, కొండలు, కుక్కలు... అన్నీ చిన్నప్పట్నుంచీ తెలిసినవాడు. షుమ్నాయా అంటే రష్యన్‌లో 'గోల చేసేది' అని అర్థం.

ఏప్రిల్ 14న ఇద్దరూ కుక్కల్ని పైనే వదిలి లోయలోకి దిగారు. నడిచి నడిచి అలసిపోయి ఏటి ఒడ్డున మంచు మీద కూలబడ్డారు. సంచిలోంచి తిండి తీసుకున్నారో లేదో, అవతలి ఒడ్డు నుంచి ఒక్కసారిగా మరిగే నీళ్లు ఏటవాలుగా వాళ్ల వైపే చిమ్మాయి! వెంట ఆవిరి మేఘాలు, నేల లోపల్నుంచి గుడగుడమని చప్పుడు. వెనక్కి పరిగెడదామంటే నిట్టనిలువు మంచు గోడ, ముందుకంటే నది. అగ్నిపర్వతమే పేలుతోందనుకున్నారు. కదలకుండా కళ్లప్పగించి ఉండిపోయారు.

కాసేపటికి ఎవరో కుళాయి కట్టేసినట్టు ఆ ధార ఆగిపోయింది. కాస్త ఆవిరి తప్ప అక్కడేం జరగనట్టే ఉంది. ఉస్తినోవాకి అప్పుడు వెలిగింది. పుస్తకాల్లో చదివింది, బొమ్మల్లో చూసింది. ఐస్‌లాండ్‌లో, అమెరికా ఎల్లోస్టోన్‌లో, న్యూజీలాండ్‌లో ఉంటాయని విన్నది. గీజర్! రష్యా నేల మీద అటువంటిదొకటి ఉందని అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. దానికి ఆమె పెట్టిన పేరు పెర్వెనెట్స్. అంటే తొలిచూలు బిడ్డ.

మనకి గీజర్ అనగానే గుర్తొచ్చేది బాత్రూమే. గోడకి తగిలించిన ఆ తెల్ల డబ్బాకి పేరిచ్చింది కూడా ఐస్‌లాండ్‌లో గైసిర్ అనే వేడినీటి బుగ్గే. అసలు గీజర్ పనిచేసే తీరు మాత్రం బాత్రూమ్ డబ్బా కన్నా వంటింటి ప్రెషర్ కుక్కర్‌కి దగ్గర. భూమి లోపల వేడి రాళ్ల మధ్య సన్నటి గొట్టంలాంటి దారి ఉంటుంది. అందులో నీరు నిండుతుంది. అడుగున ఉన్న నీరు వంద డిగ్రీలు దాటినా పైనున్న నీటి బరువు వల్ల మరగలేదు. వేడి ఇంకా ఇంకా పెరిగి, చివరికి కొంత ఆవిరై పైనున్న నీటిని కాస్త బయటికి నెడుతుంది. అంతే, బరువు తగ్గుతుంది. మూత తీసిన కుక్కర్‌లా లోపలున్నదంతా ఒక్క ఉదుటున ఆవిరై మిగతా నీటిని ఆకాశంలోకి విసిరేస్తుంది. గొట్టం ఖాళీ అయ్యాక మళ్లీ నీరు చేరడం, మళ్లీ కాగడం... కొన్నిటికి నిమిషాలు, కొన్నిటికి గంటలు. ఇందులో ఏ ఒక్కటి తేడా వచ్చినా గీజరు ఉత్త వేడినీటి గుంటగా మిగిలిపోతుంది. నీరు, వేడి, సరైన దారి మూడూ ఒకేచోట కుదరడం కష్టం కాబట్టే ప్రపంచంలో గీజర్లు అంత అరుదు.

మరోసారి వద్దామనుకునేలోగా జూన్ 22న హిట్లర్ సేనలు సోవియట్ యూనియన్ మీద పడ్డాయి. దేశమంతా యుద్ధంలో మునిగిపోయిన ఆ జులైలోనే ఉస్తినోవా, క్రుపెనిన్ మళ్లీ వెళ్లారు. ఈసారి షుమ్నాయాలో కలిసే చిన్న ఉపనది వెంట నడిచారు. మలుపు తిరిగితే చాలు ఆవిరి. ఎర్ర మట్టి, పసుప్పచ్చ గంధకం, బుడగలు కక్కే బురద గుంటలు, ఒకదాని తర్వాత ఒకటి ఎగజిమ్మే గీజర్లు. అన్నిటికన్నా పెద్దదాన్ని 'వెలికాన్' అన్నారు, మహాకాయుడని. అది లేస్తే నీటి ధార పాతిక, ముప్ఫై మీటర్లు. దాదాపు తొమ్మిది పదంతస్తుల మేడంత!

ఆరు కిలోమీటర్ల పొడవున్న ఆ లోయలో గీజర్లు దాదాపు 90 ఉన్నట్టు తర్వాత లెక్క తేలింది. ఎల్లోస్టోన్ తర్వాత ప్రపంచంలో ఇదే పెద్దది. యుద్ధం లేకపోతే ఆ ఏడు పేపర్లన్నీ దీని గురించే రాసి ఉండేవి. ఒక మాట మాత్రం చెప్పుకోవాలి. లోయ గురించి రాసిన చాలా కథనాల్లో క్రుపెనిన్ పేరు ఒక్క వాక్యంతో సరిపెడతారు. ఆ మంచులో ఆమెని అక్కడిదాకా తీసుకెళ్లి, క్షేమంగా వెనక్కి తెచ్చిన మనిషి ఆయన.

తిమింగలాలు కాల్చుకునే పొయ్యిలు

క్రుపెనిన్ పూర్వీకులకి పొగలు కక్కే కొండల గురించి తమ లెక్క తమకుంది. అగ్నిపర్వతాల్లో గముల్‌లనే దయ్యాలుంటాయట. రాత్రిళ్లు సముద్రం మీదికి ఎగిరెళ్లి, వేలికొక తిమింగలం చొప్పున తగిలించుకుని వచ్చి కొండ లోపల కాల్చుకు తింటాయట. కొండ మీద నిప్పు కనపడిందంటే లోపల వంట సాగుతోందన్నమాట! ఈ సంగతి రాసిపెట్టింది స్తెపాన్ క్రాషెనిన్నికోవ్ అనే కుర్ర విద్యార్థి. 1737లో వచ్చి నాలుగేళ్లు కమ్చట్కా అంతా కాలినడకన, పడవల మీద, కుక్కబండ్ల మీద తిరిగాడు. జనం ఏం తింటారు, ఏం కడతారు, చేపలు ఎలా ఎండబెడతారు... ఏదీ వదల్లేదు. ఆ పుస్తకం 1755లో అచ్చయింది. ఆయన చనిపోయిందీ ఆ ఏడే.

రష్యన్లు అంతకు ముందే వచ్చారు. 1697లో వ్లాదిమిర్ అట్లాసోవ్ అనే కొసాక్కు కొద్దిమంది సైనికులతో దిగాడు. వాళ్లకి కావల్సింది సేబుల్ అనే ముంగిసలాంటి జంతువు చర్మం. యూరప్ ధనికుల కోట్ల మీద మెరిసే ఆ బొచ్చుకి బంగారమంత విలువ. ఇక్కడే ఓ తమాషా జరిగింది. స్థానికుల దగ్గర బందీగా ఉన్న ఒక పరదేశి అట్లాసోవ్‌కి దొరికాడు. అతను చెప్పిన ఊరిపేర్లు విని 'ఇండియా రాజ్యం మనిషి' అని పైకి రాసి పంపాడు! నిజానికి అతను తుపానుకి ఓడ కొట్టుకొచ్చిన జపాన్ వ్యాపారి, పేరు దెంబేయి. అతను 'ఎదో' (ఇప్పటి టోక్యో) అన్నది రష్యన్ చెవికి 'ఇండో' అనిపించిందని చెబుతారు. 1702లో దెంబేయిని పీటర్ చక్రవర్తి ముందు నిలబెట్టారు. రష్యాలో జపాన్ భాష నేర్పిన మొదటి పంతులు అతనే. మళ్లీ సొంతూరు చూసింది లేదు.

ఇటెల్మెన్లకి మాత్రం తమాషాలేం మిగల్లేదు. మనిషికిన్ని చర్మాలని పన్ను కట్టాలి, కట్టలేనివాళ్ల పిల్లల్ని పట్టుకుపోయేవారు. 1731లో తిరగబడితే అణిచేశారు. తర్వాత 1768-69లో మశూచి వచ్చి ఊళ్లకి ఊళ్లు తుడిచిపెట్టేసింది. ఇప్పుడు తామూ ఇటెల్మెన్లమని చెప్పుకునేవాళ్లు మూడువేలలోపు. చిన్నప్పటి నుంచీ ఆ భాషే మాట్లాడుతున్న ముసలివాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మనుషులకే అలాగైతే నోరులేని జీవాల సంగతి చెప్పాలా! 1740లో విటస్ బేరింగ్ తన రెండు ఓడలు 'సెయింట్ పీటర్', 'సెయింట్ పాల్'తో అవాచా అఖాతంలో లంగరేశాడు. ఊరికి పెట్రోపావ్లోవ్‌స్క్ అనే పేరు వాటివల్ల వచ్చిందే. మరుసటి ఏడు అలాస్కా చూసి తిరిగొస్తూ ఓడ ఓ ఖాళీ దీవికి కొట్టుకుపోయింది. 1741 డిసెంబరులో బేరింగ్ అక్కడే కన్నుమూశాడు. మిగిలినవాళ్లని బతికించిన వాటిలో ఎనిమిది మీటర్ల దాకా పెరిగే ఓ సాధు జంతువు ఒకటి. ఒడ్డున నాచు మేస్తూ తిరిగే సముద్రపు ఆవు. ఓడలో ఉన్న ప్రకృతి శాస్త్రవేత్త స్టెల్లర్ దాని గురించి శ్రద్ధగా రాసుకున్నాడు. ఆ రాతలే మిగిలాయి. ఆ మాంసం రుచి తెలిశాక వేటగాళ్లు వరసకట్టారు. 1768కల్లా ఆఖరి ఆవు కూడా పోయింది. కనిపెట్టిన 27 ఏళ్లకే!

ఆ తర్వాత కమ్చట్కాని కాపాడింది, చిత్రంగా, సైన్యం. అణు జలాంతర్గాముల స్థావరం ఉండటంతో 1990 దాకా విదేశీయులెవర్నీ రానివ్వలేదు. సోవియట్ పౌరులకి కూడా ప్రత్యేక అనుమతి ఉండాల్సిందే. విశాలాంధ్ర దుకాణాల్లో సోవియట్ పుస్తకాలు కొనుక్కుని సైబీరియా మంచు గురించి ఊహించుకున్న తెలుగు పాఠకులకి, నిజంగా వెళ్లి చూసే అవకాశం లేని చోటది.

ఎర్ర చేపలు, ఎలుగుల పెళ్లిభోజనం

తలుపులు తెరుచుకున్నాక రెండు రకాల జనం వచ్చారు. చూడ్డానికి వచ్చినవాళ్లు, దోచుకోడానికి వచ్చినవాళ్లు.

ఏటా వేసవిలో సముద్రం నుంచి సాల్మన్ చేపలు తాము పుట్టిన నదుల్లోకి ఎదురీదుకుంటూ వస్తాయి. దక్షిణాన కురిల్ సరస్సులోకి వచ్చే ఎర్ర సాల్మన్లు లక్షల్లో ఉంటాయి. గుడ్లు పెట్టి చనిపోతాయి. వాటి కోసం ఎలుగుబంట్లు ఒడ్డున బంతి కడతాయి. కమ్చట్కా మొత్తం మీద ఎలుగులు పదివేలకు పైనే. పెళ్లి విందులో మనవాళ్లు ముందు స్వీటు వైపు చూసినట్టు, చేపలు మెండుగా ఉన్నప్పుడు ఎలుగు కూడా గుడ్లూ తలకాయా తిని మిగతాది వదిలేస్తుంది.

మనిషి చేసిందీ అదే. సోవియట్ యూనియన్ కూలిపోయాక జీతాలు లేని రోజుల్లో ఎందరికో ఎర్ర చేపగుడ్లే బతుకుదెరువయ్యాయి. పొట్ట చీల్చి గుడ్లు తీసుకుని చేపని ఒడ్డున పారేసేవాళ్లు. కాపలా కాసేవాళ్లకీ దొంగలకీ మధ్య ఆ గొడవ పూర్తిగా ఆగిందనడానికి లేదు.

చూడ్డానికి వచ్చినవాళ్ల కథల్లోనూ కొన్ని విషాదాంతాలే. ఎలుగుల్ని ఫొటోలు తీయడంలో ప్రపంచమంతా పేరున్న జపాన్ ఫొటోగ్రాఫర్ మిచియో హొషినో 1996 ఆగస్టులో కురిల్ సరస్సు ఒడ్డున డేరాలో పడుకుని ఉండగా ఎలుగు దాడిలోనే చనిపోయాడు. మనుషులు పెట్టే తిండికి అలవాటుపడిన ఎలుగు అని చెబుతారు. 2022లో క్ల్యుచెవ్‌స్కాయా ఎక్కబోయి తొమ్మిదిమంది మరణించారు. ఇక్కడ ఎటు వెళ్లాలన్నా హెలికాప్టరే దిక్కు. 2024 ఆగస్టులో ఒకటి పొగమంచులో కొండను ఢీకొట్టడంతో 22 మంది పోయారు.

గీజర్ల లోయ పక్కనే మరో లోయ ఉంది. పేరు మృత్యులోయ. 1975లో కనుక్కున్నారు. కిఖ్‌పినిచ్ అగ్నిపర్వతం పాదాల దగ్గర, పెద్దగా వైశాల్యం లేని చోటు. నేల పగుళ్లలోంచి వచ్చే విషవాయువులు గాలికన్నా బరువు కావడంతో, గాలి వీచని రోజున పల్లంలో పేరుకుంటాయి. ముందు చిన్న పక్షులో ఎలుకలో పడిపోతాయి. వాటిని తిందామని నక్క వస్తుంది, అది పడిపోతుంది. నక్క కోసం ఎలుగు. ఎరా ఉచ్చూ రెండూ తనే అయిన లోయ!

ఓ ఆదివారం మధ్యాహ్నం

గీజర్ల లోయకి కూడా ఊపిరాడని రోజులున్నాయి. మధ్యలో రెండుసార్లు అభయారణ్యాన్నే రద్దు చేసింది సోవియట్ ప్రభుత్వం. కాపలా లేని ఆ కాలంలో వచ్చినవాళ్లు గీజర్ల చుట్టూ పెరిగిన ముత్యాల్లాంటి రాతి పొరల్ని జ్ఞాపికలుగా పెకలించుకుపోయారు. ఒక్కో పొర ఏర్పడటానికి ఏళ్లూ పూళ్లూ పట్టింది. తీయడానికి సుత్తి దెబ్బ చాలు. ఇప్పుడైతే హెలికాప్టర్లోనే రావాలి, గైడు వెంట ఉండాలి, చెక్కల వంతెన దాటి కాలు కింద పెట్టకూడదు. వేడి నేల మీద మంచు త్వరగా కరిగి గడ్డి ముందే మొలుస్తుంది కాబట్టి వసంతంలో ఎలుగులు దిగుతాయి. ఆ కొన్ని వారాలు పర్యాటకులకి ప్రవేశం లేదు. లోయ వాటిదే.

2007 జూన్ 3, ఆదివారం. మధ్యాహ్నం కొండ చరియ ఒకటి విరిగిపడింది. మంచు, మట్టి, ఇళ్లంత బండలు కలిసి రెండు కిలోమీటర్ల దూరం ఉరికొచ్చాయి. లోయలో పర్యాటకులు, సిబ్బంది ఉన్నారు. బురద ప్రవాహం వాళ్లుండే ఇంటికి కొద్ది అడుగుల దూరంలో ఆగిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు! కానీ నదికి అడ్డంగా ఆనకట్ట కట్టినట్టయి వెనక చెరువు నిండటం మొదలైంది. ఒకదాని తర్వాత ఒకటి గీజర్లు మునిగాయి. నీరు వెలికాన్ అంచుదాకా పాకింది. ఆ తర్వాతి రోజుల్లో నది కట్టని తెంచుకుని దారి చేసుకోవడంతో మట్టం కాస్త దిగి అది బతికింది. పెర్వెనెట్స్ మాత్రం మట్టికింద కప్పడిపోయింది.

లోయ ఇక లేనట్టేనని రాసినవాళ్లున్నారు. ఆ మరుసటి ఏడే 'రష్యా ఏడు వింతలు' ఓటింగులో అది గెలిచింది, అది వేరే సంగతి. 2013లో మరో బురద ప్రవాహం వచ్చి సహజంగా ఏర్పడ్డ ఆ కట్టని కొంత కోసేసింది. చెరువు తగ్గింది. ఆరేళ్లు నీటికింద ఉన్న గీజర్లు కొన్ని మళ్లీ ఎగజిమ్మాయి. పూడిక తీద్దామా, కట్ట కోద్దామా అని మనుషులు వాదించుకుంటున్న పనిని కొండే చేసిపెట్టింది. అభయారణ్యం సిబ్బంది అప్పుడు చేయి పెట్టకుండా ఊరుకోవడమే మంచిదైంది.

2025 జులై 30న కమ్చట్కా తీరంలో వచ్చిన భూకంపం తీవ్రత 8.8. ప్రపంచంలో ఇప్పటిదాకా నమోదైన అతిపెద్ద భూకంపాల్లో ఒకటి. పెట్రోపావ్లోవ్‌స్క్‌లోని ఓ ఆసుపత్రిలో డాక్టర్లు ఊగిపోతున్న బల్ల మీద రోగిని చేతులతో పట్టుకుని ఆపరేషన్ కొనసాగించిన వీడియోని ప్రపంచమంతా చూసింది. నాలుగు రోజులకి, కొన్ని శతాబ్దాలుగా నిద్రపోతున్న అగ్నిపర్వతం ఒకటి అదే అభయారణ్యంలో బద్దలైంది. దాని పేరు క్రాషెనిన్నికోవ్. దయ్యాల పొయ్యిల కథ రాసుకున్న ఆ కుర్రవాడి పేరే.

ఉస్తినోవా యుద్ధం తర్వాత కమ్చట్కా వదిలి వెళ్లిపోయింది. చివరి రోజుల్లో కెనడాలోని వాంకూవర్లో కూతురి దగ్గర ఉంది. 2007లో లోయకేమైందో ఆమెకి తెలిసింది. తన తొలిచూలు బిడ్డ మట్టికింద ఉందనీ తెలిసింది. 2009లో 95 ఏళ్ల వయసులో చనిపోయింది. మరుసటి ఆగస్టులో, ఆమె కోరిక ప్రకారం, అస్థికల్ని సముద్రం దాటించి హెలికాప్టర్లో తీసుకొచ్చి ఆ లోయలోనే పాతిపెట్టారు.